టోకెన్ లేని ఆకాశం

గత భాగంలో గుంటూరు–నంద్యాల రైలు మార్గం నల్లమలను దాటిన కథ చెప్పుకున్నాం. ఒంటి లైను మీద రెండు బళ్ళు ఎదురుపడకుండా ఆ రోజుల్లో డ్రైవరు చేతికి టోకెన్ ఇచ్చేవారు. గిద్దలూరు నుంచి దిగువమెట్ట వైపు బండి కదలాలంటే ముందు ఆ టోకెన్ చేతికి రావాలి. అది వెనక్కి చేరేదాకా ఆ ముక్కలోకి ఇంకో బండి రావడానికి వీల్లేదు. ముందు దారి ఖాళీగా ఉందో లేదో డ్రైవరు తన కళ్ళతో చూసి తేల్చుకోనక్కర్లేదు. చూసుకునే పనీ, పూచీ పడే పనీ స్టేషన్ మాస్టర్లది.

ఈ వారం కథ అదే గిద్దలూరు నెత్తి మీద జరుగుతుంది. పటం మీద స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి చెన్నైకి గీత గీస్తే అది దాదాపు కంభం మీదుగా పోతుంది. తిరుపతికి గీస్తే గిద్దలూరు పక్కనుంచే సాగుతుంది. ముప్పై వేల అడుగుల పైన పోయే ప్రతి ప్రయాణికుల విమానానికీ ఎక్కడో ఒక గదిలో రాడార్ తెర ముందు కూర్చున్న మనిషి దారి చూపిస్తుంటాడు. దాని ముందు, వెనక, పైన, కింద ఎంత ఖాళీ ఉందో అతనికి తెలుసు. అదే చోట మూడు వేల అడుగుల ఎత్తున అడవి మీదుగా పోయే హెలికాప్టరుకు అలాంటి మనిషి ఉన్నాడా? ఈ ప్రశ్న పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి పుస్తకాల్లోంచి రాలేదు. 2009 సెప్టెంబరు 2 ఉదయం అడవిలోంచి వచ్చింది. అక్కడికి చేరే ముందు ఆకాశానికి కాపలా ఎలా పుట్టిందో చూద్దాం.

మొదట్లో ఆకాశానికి ఏ కాపలా లేదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా తెచ్చారు. అక్కడి నుంచి ఆ సంచుల్ని నెవిల్ వింటసెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చారు. రాయలసీమ మీదుగా సాగిన ఆ చిన్న పుస్ మాత్ విమానానికి కింద కనిపించే నదులు, రైలు పట్టాలు, చెరువులే దారి గుర్తులు. ఇంకో విమానం ఎదురవుతుందన్న భయం లేదు, ఎందుకంటే ఎగిరేవే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. దేశంలో విమానయాన చట్టం 1934లో, దాని నిబంధనలు 1937లో వచ్చాయి.

యూరపులో అప్పటికే పాఠం నేర్చుకున్నారు. లండన్ దగ్గరి క్రాయ్‌డన్‌లో 1920లోనే కంట్రోల్ టవర్ లేచింది. కానీ టవర్ చూపు ఆ మైదానం దాకానే. 1922 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్సులో, పొగమంచులో, లండన్ నుంచి పారిస్ వెళ్ళే విమానమూ పారిస్ నుంచి లండన్ వెళ్ళే విమానమూ ఢీకొన్నాయి. ఇద్దరు పైలట్లూ దారి తప్పకుండా కింద కనిపించే ఒకే రోడ్డును పట్టుకుని వచ్చారు. ఏడుగురు చనిపోయారు. ప్రయాణికుల విమానాలు రెండు గాలిలో గుద్దుకోవడం లోకంలో అదే మొదటిసారి.

అమెరికా కథ ఇంకా కఠినమైనది. 1935 డిసెంబరులో న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌లో విమాన కంపెనీలే కలిసి దారుల మీది విమానాలకు నియంత్రణ కేంద్రం పెట్టుకున్నాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇరవై ఏళ్ళు గడిచాయి. 1956 జూన్ 30న లాస్ ఏంజిలిస్ నుంచి కొద్ది నిమిషాల తేడాతో లేచిన రెండు పెద్ద విమానాలు గ్రాండ్ కేన్యన్ మీద, 21 వేల అడుగుల ఎత్తున గుద్దుకున్నాయి. 128 మందిలో ఒక్కరూ మిగల్లేదు. రెండూ ఒకే ఎత్తులో, ఒకే సమయానికి, ఒకే గీత దగ్గరికి చేరబోతున్నాయన్న సమాచారం నేల మీద ఒక కంట్రోలర్ ముందు ఉంది. అయినా పైలట్లకు చెప్పలేదు. ఆ చోటు నియంత్రణ లేని ఆకాశం. అక్కడ ఎవరి విమానాన్ని వాళ్ళే చూసుకోవాలి, హెచ్చరించాల్సిన విధి ఆయన మీద లేదు. నిబంధన ప్రకారం ఆ మనిషి తప్పు చేయలేదు. ఈ మొత్తం చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే వాక్యం ఇదే. 1958లో అమెరికా కొత్త చట్టం చేసి ఆకాశం బాధ్యతను ఒకే సంస్థకు అప్పగించింది.

మరి విమానాశ్రయం చుట్టూ ఉండే నియంత్రిత గగనతలానికి ఆకారం ఏమిటి? చాలామంది దాన్ని నిట్టనిలువు గోడ అనుకుంటారు. నిజానికి అది గోడ కాదు, దాని ఆకారం విమానం దిగే తీరులోంచి వచ్చింది. దిగే విమానం సాధారణంగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. అంటే ప్రతి నాటికల్ మైలుకు సుమారు 300 అడుగులు దిగుతుంది. పది వేల అడుగుల ఎత్తులో ఉన్న విమానం రన్‌వేకు ఇంకా అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. రెండు వేల అడుగుల్లో ఉంటే పన్నెండు కిలోమీటర్లు. అందుకే నేలను తాకే కంట్రోల్ జోన్ చిన్నది. అంతర్జాతీయ నియమం ప్రకారం విమానాలు వచ్చే దిక్కుల్లో అది కనీసం 5 నాటికల్ మైళ్ళు, అంటే 9.3 కిలోమీటర్ల దాకా ఉండాలి. దాని మీద మొదలయ్యే కంట్రోల్ ఏరియా నేలను తాకదు. కనీసం 200 మీటర్ల ఎత్తున మొదలై, పైకి పోయే కొద్దీ వెడల్పవుతుంది. దాని కింద మిగిలిన చోటు నియంత్రణ లేనిదే. ఈ పొరలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏ నుంచి జీ దాకా అక్షరాలు పెట్టింది. ఏ అంటే పూర్తి కట్టడి. జీ అంటే ఎవరి కళ్ళు వాళ్ళవి.

1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన ఒప్పందం మొదటి అధికరణమే, తన నేల మీది ఆకాశం మీద ప్రతి దేశానికీ పూర్తి సార్వభౌమాధికారం ఉందని చెబుతుంది. అయితే అధికారం ఉన్నంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదు. దీనికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. మార్కాపురం నుంచి వినుకొండ వెళ్ళే రైలు దారిలో దొనకొండ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వారు అక్కడ విమానాల మైదానం కట్టారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డ రోజులవి. తీరానికి దూరంగా, రైలు పక్కన, చదునైన నేల మీద విమానాలు దిగే చోటు ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. యుద్ధం అయిపోయింది, మైదానం మిగిలింది. ఇప్పటికీ అది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆస్తి. కానీ అక్కడ టవర్ లేదు, కంట్రోలర్ లేడు. కాబట్టి దాని చుట్టూ కంట్రోల్ జోనూ లేదు. రన్‌వే ఆకాశాన్ని నియంత్రితం చేయదు. మైకు ముందు మనిషి కూర్చుంటేనే ఆ ఆకాశానికి ఆ పేరు వస్తుంది.

ఆ మనిషి ఉన్నా చేతిలో సరైన పనిముట్టు లేకపోతే ఏమవుతుందో 1996 నవంబరు 12 సాయంత్రం తేలింది. ఢిల్లీ నుంచి సౌదీ విమానం లేచింది. కజకిస్తాన్ విమానం ఢిల్లీలో దిగడానికి వస్తోంది. రాజధాని చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వైమానిక దళం చేతిలో ఉండేది. పౌర విమానాలకు మిగిలిన సన్న దారిలోనే వచ్చేవీ పోయేవీ ఎదురెదురుగా నడిచేవి. తేడా ఎత్తులోనే. కజక్ విమానాన్ని 15 వేల అడుగుల దగ్గర, సౌదీ విమానాన్ని 14 వేల దగ్గర ఉండమన్నారు. కజక్ విమానం 15 వేల దగ్గర ఆగలేదు, కిందికి జారుతూనే ఉంది. కంట్రోలర్ ముందున్న రాడార్ ఆ విమానం ఎక్కడుందో చూపిస్తుంది కానీ ఎంత ఎత్తులో ఉందో చూపించదు. ఎత్తు చెప్పే సెకండరీ రాడార్ అప్పటికి పనిలోకి రాలేదు. పైలట్ చెప్పిన ఎత్తును నమ్మడం తప్ప దారి లేదు. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలాల మీద 349 ప్రాణాలు పోయాయి. ఇంత పెద్ద గాలి ఢీ మళ్ళీ జరగలేదు. ఆ తర్వాతే రాకకూ పోకకూ దారులు వేరయ్యాయి. ఎదురొచ్చే విమానాన్ని దానంతట అదే పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరం మన దేశంలో తప్పనిసరైంది.

ఇక నల్లమలకు వద్దాం.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకున్నాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ముఖ్యమంత్రి ప్రయాణాలు మాత్రం అక్కడి నుంచే సాగేవి. 2009 సెప్టెంబరు 2న ఉదయం 8.38కి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డితో బెల్ 430 హెలికాప్టరు బేగంపేట నుంచి లేచింది. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి ప్రయాణం. ఆయనతో పాటు కార్యదర్శి పి. సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి ఎ.ఎస్.సి. వెస్లీ, పైలట్లు గ్రూప్ కెప్టెన్ ఎస్.కె. భాటియా, కెప్టెన్ ఎం.ఎస్. రెడ్డి. మొదట అంతా నియంత్రిత ఆకాశమే. హైదరాబాద్ కంట్రోలర్లకు హెలికాప్టరు కనిపిస్తోంది, వినిపిస్తోంది. దక్షిణానికి పోయే కొద్దీ శంషాబాద్ పరిధి దాటింది. చెన్నైతో మాట కలవలేదు. కృష్ణ దాటాక దట్టమైన వాన మేఘాలు. 9.27 ప్రాంతంలో హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట మీద కూలిపోయింది. గిద్దలూరుకు వాయవ్యంగా, అడవికి అవతలి అంచున, ఆత్మకూరు వైపు ఉన్న గుట్ట అది.

రాడార్ ఎందుకు చూడలేకపోయింది? ఇందులో ఎవరి నిర్లక్ష్యాన్నీ వెతకనక్కర్లేదు. భూమి గుండ్రంగా ఉండటమే మొదటి కారణం. రాడార్ చూపు దాదాపు తిన్నగా పోతుంది, నేల వంగిపోతుంది. శంషాబాద్ నుంచి గిద్దలూరుకు గాలి దారిలో సుమారు 215 కిలోమీటర్లు. అంత దూరంలో నేల వంపు మీంచి తల ఎత్తి కనపడాలంటే విమానం సుమారు 9 వేల అడుగుల ఎత్తున ఉండాలి. చెన్నై విమానాశ్రయం నుంచి గిద్దలూరు 295 కిలోమీటర్లు. అక్కడి రాడార్‌కు కనపడాలంటే దాదాపు 17 వేల అడుగులు కావాలి. మధ్యలో కొండలుంటే లెక్క ఇంకా కఠినం. పైలట్లు మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియోకూ ఇదే నియమం. ఆ ఎత్తులకు వేల అడుగుల కింద, అడవి మీద ఎగిరే హెలికాప్టరుకు హైదరాబాదూ చెన్నైయూ రెండూ దూరమే. పావురాలగుట్ట శంషాబాద్‌కు గిద్దలూరు కన్నా దగ్గరే. అయినా చూపు అందే అంచున ఉన్న చోటది.

దర్యాప్తు చేసిన త్యాగి కమిటీ, తుపాను మేఘం నుంచి కిందికి విసిరే బలమైన గాలిలో హెలికాప్టరు చిక్కి అదుపు తప్పిందని తేల్చింది. దానికి ముందు కొన్ని నిమిషాల పాటు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక దీపం పైలట్ల దృష్టిని లాగేసిందని కూడా రాసింది. అంటే ప్రమాదానికి కారణం వాతావరణమూ, కాక్‌పిట్‌లో జరిగిన పనీ. గగనతల వ్యవస్థ ప్రమాదాన్ని కలిగించలేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు గురించి పుట్టిన పుకార్లు ఇంకా నల్లమల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

కానీ కూలిన తర్వాత కథ వేరు. అది పూర్తిగా కాపలా లేని ఆకాశం కథే. నియంత్రణ లేని చోట కూడా దేశం రెండు పనులకు పూచీ పడుతుంది: అడిగిన పైలట్‌కు సమాచారం ఇవ్వడం, జాడ తెలియని విమానం కోసం ఆపద సూచన పంపడం. ఆ రెండో పనికి మెట్లున్నాయి. రావాల్సిన మాట వేళకు రాకుండా అరగంట గడిస్తే అనుమాన దశ. విచారించినా జాడ లేకపోతే ఆందోళన దశ. ఆ తర్వాత ఆపద దశ. సముద్రం మీద ఎగిరే విమానానికి ఈ అరగంట సబబే. అడవిలో దిగిపోయిన హెలికాప్టరు విషయంలో మొదటి అరగంట ఎంత విలువైనదో వైద్యులు చెబుతారు. నల్లమలలో ఆ ఉదయం ఎవరూ బతికి లేరని తర్వాత తెలిసింది. కానీ ఆ గంటల్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆఖరి చోటు ఏదో చెప్పే రాడార్ గుర్తు లేదు. ప్రమాదంలో తనంతట తానే కూత పెట్టాల్సిన బీకన్ వినిపించలేదు. కాబట్టి వెతకాల్సిన చోటు వేల చదరపు కిలోమీటర్ల అడవి అయింది. సీఆర్‌పీఎఫ్ జవాన్లు, పోలీసులు, అడవి దారులెరిగిన చెంచులు కాలినడకన దిగారు. వైమానిక దళం సుఖోయ్ యుద్ధ విమానాలను, ఇస్రో తన ఉపగ్రహాన్ని వానలో రాత్రంతా వెతుకులాటకు పెట్టాయి. మర్నాడు, సెప్టెంబరు 3 ఉదయం, వైమానిక దళ హెలికాప్టరు శకలాలను చూసింది. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి ఎక్కడున్నారో దాదాపు ఒక పగలు, ఒక రాత్రి దేశానికి తెలియలేదు. ముఖ్యమంత్రికే అలా జరిగితే, ఏ మామూలు విమానానికైనా ఇంతకన్నా మెరుగ్గా జరుగుతుందని ఆశించలేం.

ఆ తర్వాత చుట్టూ చాలా మారింది. 2015లో కడప విమానాశ్రయం మళ్ళీ పనిలోకి వచ్చింది. 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరున కర్నూలు విమానాశ్రయం తెరుచుకుంది. రెండూ గిద్దలూరుకు గాలి దారిలో తొంభై, తొంభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ముందు చెప్పిన వాలు లెక్క వేస్తే, ఆ దూరంలో దిగడానికి బయల్దేరే విమానం ఇంకా 15 వేల అడుగుల దరిదాపుల్లో ఉంటుంది. అంటే కంట్రోల్ జోన్లు వచ్చినా గిద్దలూరు, కంభం, మార్కాపురం మీది కింది అంతస్తు నియంత్రణ లేకుండానే మిగిలింది. పైన చెన్నై కేంద్రం పరిధిలోని దారులు, కింద ఎవరికి వారు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచేటప్పుడో, కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 2022 డిసెంబరులోలా వైమానిక దళం విన్యాసాలు చేసేటప్పుడో మాత్రం నోటామ్ అనే ముందస్తు ప్రకటనతో కొంత ఆకాశాన్ని కొన్ని గంటలు మూసేస్తారు.

విచిత్రంగా, ఈ కింది అంతస్తులోకి ఇప్పుడు రైతు ప్రవేశించాడు. పత్తి, మిరప, కంది చేలకు మందు కొట్టే డ్రోన్ ఒక విమానమే. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు దేశ పటానికి మూడు రంగులు పూశాయి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల దాకా ఎరుపు. 5 నుంచి 8 కిలోమీటర్ల దాకా నేల నుంచే పసుపు. అక్కడ విమాన నియంత్రణ అధికారి అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా ఆకుపచ్చ, ఆ పైన పసుపు. మిగిలిన చోట 400 అడుగుల దాకా ఆకుపచ్చ. వెనక ఈ పసుపు హద్దు 45 కిలోమీటర్ల దాకా ఉండేది, దాన్ని 12కు తగ్గించారు. ఓర్వకల్లు చుట్టుపక్కల రైతుకు అది పెద్ద ఊరట. గిద్దలూరు రైతుకు విమానాశ్రయం అడ్డంకి అసలు లేదు. కానీ అడవి అంచు పొలాల్లో పులుల అభయారణ్యం కట్టడులు వేరే ఉన్నాయి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో తన పొలం రంగు చూసుకోవడం, డ్రోన్‌కు నంబరు, నడిపే వారికి సర్టిఫికెట్ ఉండటం తప్పనిసరి.

ఎన్నికలొస్తే మార్కాపురం, గిద్దలూరు హెలిపాడ్లకు నాయకుల హెలికాప్టర్లు వస్తాయి. దిగేటప్పుడు అవి 400 అడుగుల కిందికి రాక తప్పదు. అంటే మిరప చేను మీది డ్రోనూ, నాయకుడి హెలికాప్టరూ ఒకే అంతస్తు పంచుకుంటాయి. రెంటినీ విడదీసే కంట్రోలర్ లేడు. ఎప్పటికప్పుడు అధికారులు పెట్టే తాత్కాలిక నిషేధాలే ఆధారం. ఇది చాలదని నా గట్టి నమ్మకం. ఇక్కడ కంట్రోల్ జోన్ అడగడం అర్థం లేని పని, విమానాశ్రయమే లేదు. కానీ తన జాగాను తానే ఉపగ్రహాల ద్వారా తెలుసుకుని ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరాలు ఇప్పుడు విమానాల్లో మామూలయ్యాయి. ఆ ప్రసారాన్ని పట్టే యాంటెన్నాకు రాడార్ అంత స్థలమూ ఖర్చూ అక్కర్లేదు. నల్లమల గుట్టల్లో ఒక ఎత్తైన చోట అలాంటి దాన్ని నిలిపి చెన్నై, హైదరాబాద్ కేంద్రాలకు కలిపితే, ఆ పరికరంతో అడవి మీద తక్కువ ఎత్తున పోయే హెలికాప్టరు ఎక్కడుందో అక్కడి తెర మీద తెలుస్తుంది. దొనకొండ మైదానంలో ఏం రావాలో, ఏం రాకూడదో దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. ఆ వాదనలో ఈ యాంటెన్నా మాట కూడా ఎవరైనా ఎత్తాలి.

(సశేషం)